ఇనుప వంతెన కింద మౌత్ ఆర్గాన్

జూన్ 3, సోమవారం

ఇందుమూలముగా యావన్మంది ప్రయాణికులకూ, మరీ ముఖ్యంగా కాలవలో చెత్త ఏరుకుంటూ సొంత మేనమామను మరిచిపోయిన ఒకానొక పిచ్చుకకూ తెలియజేయడమేమనగా: మన బస్టాండు రెండో నంబరు బెంచీ యొక్క నాలుగో కాలు, దీర్ఘకాల సేవ అనంతరం, ఈ ఉదయం ఎనిమిది గంటలకు కన్నుమూసినది. కూర్చున్న ఆసామి క్షేమం. ఆయన చేతిలోని టీ క్షేమం కాదు. కావున సదరు బెంచీ మీద ఎడమవైపు కూర్చోదలచినవారు తమ తమ సొంత కాలు వెంట తెచ్చుకోవలసిందిగా మనవి.

ఇదంతా మైకులో చెప్పాను. స్టేషను మాస్టరు కేకలేశాడు. నేను మైకు పట్టి ఇరవై రెండేళ్ళు. ఈలోగా ముగ్గురు మాస్టర్లు మారారు, కేక మాత్రం ఒక్కటే.

పిచ్చుకా, నువ్వు వెళ్ళి మూడు నెలలు. ఉత్తరాలు రెండు. రెండోది ఆరు లైన్లు, అందులో మూడు ఎండ గురించి. ఎండ మాకూ ఉందమ్మా. ఫోను చేస్తే నా గొంతు ప్రకటన లాగా వినబడుతుంది, భయమేస్తుంది అంటావు. సరే, రాస్తున్నా కదా, నువ్వూ రాయి. డ్రైవరు చేతికిస్తే తపాలా ఖర్చు కూడా లేదు.

ఆదివారాలు ఎవరో కుర్రకారుతో కలిసి కాలవ శుభ్రం చేస్తున్నానన్నావు. కయాక్ అంట, సన్న ప్లాస్టిక్ పడవంట. మన గదిలో బకెట్టు నిండి పొర్లితే మంచమెక్కి కూర్చునేదానివి. నీకు పడవేమిటే?

ఇక్కడి వింత ఒకటి చెప్తా. పోయినవారం మధ్యాహ్నం పొద్దు పోక మైకులో అన్నాను: ‘చిలక తల పిడి గల ఎర్ర గొడుగు దొరికినది, సొంతదారులు మూడో కిటికీ వద్దకు రావలెను.’ గొడుగూ లేదు, చిలకా లేదు. నలుగురొచ్చారు! ఒకాయనైతే ‘ఒక ఊచ వంగి ఉంటుంది చూడండి’ అని గుర్తులు కూడా చెప్పాడు. వంగిందని నాకే తెలియదు.

ఇంతకీ మీ కాలవ మీద ఇనుప వంతెన ఉందా, ఊడిపోయిందా? దాని మూడో స్తంభం దగ్గర నీళ్ళలో నా ఆస్తి ఒకటుంది. మౌత్ ఆర్గాన్. మీ అమ్మ కోపమొచ్చి విసిరేసింది. ఎందుకో తెలియాలంటే ముందు జవాబు రాయి. ఆరు లైన్లయితే చెల్లదు.

ఇట్లు,
నీ మైకు మావయ్య

* * *

జూన్ 10, సోమవారం

మావయ్యా,

నీ ఉత్తరం మీసాల డ్రైవరు ఇచ్చాడు. కౌంటరు దగ్గరే నిలబడి చదివాను. బెంచీ కాలికి నవ్వాను, గొడుక్కి ఇంకా నవ్వాను. ‘మీ అమ్మ కోపమొచ్చి విసిరేసింది’ దగ్గర నవ్వు ఆగిపోయింది.

పదిహేనేళ్ళు నీ దగ్గర పెరిగాను. అమ్మ గురించి నువ్వు చెప్పింది రెండే మాటలు: మంచిది, పొడుగు. ఎప్పుడడిగినా ఏదో ఒక కోతి వేషం వేసి మాట మార్చేసేవాడివి. అమ్మకి కోపం వచ్చేదని నాకు ఇప్పుడే తెలిసింది. ఎంత బాగుందో! ఫొటోలో ఆవిడ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. విసిరే చెయ్యి ఉందనే అనుకోలేదు.

ఇనుప వంతెన ఉంది మావయ్యా. తుప్పు పట్టింది కానీ ఉంది. మేం వారం వారం దాని కిందనుంచే వెళ్తాం.

నా పని మామూలే. కళ్ళద్దాల దుకాణంలో వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తాను. మిషను చప్పుడుకి ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. పై అంతస్తులో నా గది. అక్కడ చప్పుడే లేదు. అందుకే ఆ గుంపులో చేరాను. దుకాణం గోడ మీద కాగితం అంటించారు: ‘ఆదివారం ఉదయం ఆరు, ఈత వస్తే మంచిది, రాకపోతే తేలే చొక్కా ఇస్తాం.’ వెళ్ళాను. పన్నెండు మంది, అందరూ నా ఈడువాళ్ళే. వ్యాయామం టీచరు ఒకావిడ నడుపుతుంది, అందరూ కెప్టెన్ అంటారు. ఒక్కో కయాక్‌లో ఇద్దరు. వెనకవాళ్ళు తెడ్డు వేస్తారు, ముందువాళ్ళు పొడుగు పట్టకారుతో చెత్త తీసి బుట్టలో వేస్తారు. ఏ వంతెన దగ్గర ఏం దొరికిందో పుస్తకంలో రాయాలి. సీసాలు, సంచులు, ఒక కుర్చీ, ఒక బొమ్మ తల. చెప్పులైతే ఎన్నో. కానీ మావయ్యా, ఎప్పుడూ ఒంటి చెప్పే. జత ఒక్కసారీ దొరకలేదు.

అయ్యాక అందరూ టీ కొట్టుకి వెళ్తారు. నేను గదికొచ్చేస్తాను. ఏం మాట్లాడాలో తెలియదు.

చూడు, ఆరు లైన్లు దాటాయి. ఇప్పుడు చెప్పు. అమ్మకి ఎందుకు కోపమొచ్చింది? ఆ మౌత్ ఆర్గాన్ ఎలా ఉంటుంది?

నీ పిచ్చుక

* * *

జూన్ 13, గురువారం

పిచ్చుకా,

రెండో చెప్పులన్నీ ఇక్కడున్నాయి. మా దొరికిన సామాన్ల అరలో పదకొండు ఉన్నాయి. కుదిరితే పెళ్ళి సంబంధాలు మాట్లాడదాం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మాస్టరుకి కూడా వినిపించాను, ఆయన అడక్కపోయినా.

మౌత్ ఆర్గాన్ ఎలా ఉండేదంటావా? వెండి రంగు రేకు, పది బెజ్జాలు, ఎడమ మూల సొట్ట. వక్కలు పగలగొట్టబోయి నేనే పెట్టిన సొట్ట అది. అప్పుడు నేనా ఊళ్ళోనే మైకులో కొత్తగా చేరాను. సాయంత్రాలు వంతెన మధ్య నిలబడి ఊదేవాణ్ణి. నాకొచ్చింది మూడు స్వరాలు. నేనెక్కితే వంతెన మీది కుక్కలు దిగిపోయేవి. ఒకరోజు మీ అమ్మ అటుగా వచ్చింది. అంతకుముందే నేను నోటి దురుసు కొద్దీ ఒక వెధవ పని చేసి ఉన్నాను. అదేమిటన్నది ఇక్కడ అప్రస్తుతం. వచ్చింది, చేతిలోంచి లాక్కుంది, గిరగిరా తిప్పి విసిరింది. మీ అమ్మ విసురు సామాన్యమా! ‘నీ నోటికి ఇది కూడా తోడా?’ అంది. బుడుంగ్ మంది. అయిపోయింది.

ఇంకేమిటి? టీ ఇంకా రెండు గ్లాసులకే పెడుతున్నాను. చెయ్యి అలవాటు పడిపోయింది. రెండోది పారబొయ్యడం ఎందుకని నేనే తాగుతున్నా. దాంతో నిద్ర పట్టక పైకప్పు మీద బీటలు లెక్కపెడుతున్నా. నీ మంచం వైపు కప్పుకి బీటలు తక్కువ. ఇన్నేళ్ళూ మంచి వైపు నీకే ఇచ్చానన్నమాట. గుర్తుంచుకో.

వచ్చే ఉత్తరం ఇంకాస్త పొడుగ్గా ఉండాలి. అక్షరాలు పెద్దవి చేసి మోసం చెయ్యకు.

ఇట్లు,
మూడు స్వరాల మావయ్య

* * *

జూన్ 24, సోమవారం

మావయ్యా,

‘నీ నోటికి ఇది కూడా తోడా?’ అద్దాలు అరగదీస్తూ ఆ మాట నాలో నేను అనుకుంటూ కూర్చున్నాను. నా గొంతుతో అంటే అమ్మ గొంతులా ఉంటుందేమో అని. నీకు గుర్తుందా, ఉంటుందా?

నీ మౌత్ ఆర్గాన్ వెతుకుతున్నాం. ‘ఏమిటీ వెతుకుడు?’ అని నవ్వకు. కెప్టెన్‌కి చెప్పాను. ఆవిడ ముందు ఒప్పుకోలేదు. ‘మనం తేలేది తీస్తాం, మునిగింది తియ్యం’ అంది. అమ్మ విసిరిందని చెప్పాక తాడు కట్టిన అయస్కాంతం తెచ్చిచ్చింది. గాజు సీసా మూతంత ఉంటుంది కానీ సైకిలుని లాగేస్తుంది. మూడో స్తంభం దగ్గర రెండు ఆదివారాలు వేశాం. ఒక కత్తెర, గొళ్ళెం, ఇస్త్రీపెట్టె వచ్చాయి. మీ మావయ్య ఇంకేమేం పోగొట్టుకున్నాడే అని అందరూ నవ్వారు. నాతో మొదటిసారి మాట్లాడారు, దాని వల్లే.

నా పడవలో ముందు కూర్చునే అమ్మాయి పరీక్షలని మానేసింది. ముందు సీటు ఖాళీ. కయాక్ ముందు బరువు లేకపోతే ముక్కు పైకెత్తుకుని అటూ ఇటూ తిరుగుతుంది, చెప్పిన మాట వినదు. ఇటుకలు నాలుగు పెట్టుకుంటున్నాను. అదిగో, నా తోడు.

వెధవ పని ఏమిటో నువ్వు చెప్పకపోయినా నాకు అర్థమైందిలే. నాన్నతో అమ్మ పెళ్ళి నీకు ఇష్టం లేదు కదా? ఏదో అని ఉంటావు. నేనేమీ అనుకోను. ఒక్కటే చెప్పు. తర్వాత మాట్లాడుకున్నారా మీరిద్దరూ?

నీ పిచ్చుక

* * *

జూన్ 27, గురువారం

పిచ్చుకా,

ఇస్త్రీపెట్టె నాది కాదని ఈ బస్టాండు సాక్షిగా ప్రకటిస్తున్నాను.

మీ నాన్న పెళ్ళి సంగతి కాదు. పెళ్ళిలో నేనే అందరికన్నా ఎక్కువ తిన్నాను. మీ నాన్ననడుగు. అదలా ఉంచు.

బెంచీకి నాలుగో కాలు పెట్టారు. మిగతా మూడిటికన్నా వేలెడు పొడుగు. ఇప్పుడు ఎడమవైపు కూర్చున్నవాడు కుడివైపువాడి ఒళ్ళోకి జారుతున్నాడు. రెండు తగాదాలు, ఒక స్నేహం అయ్యాయి.

చూడమ్మా, ఆ అయస్కాంతం ఇచ్చెయ్యి. పాత రేకు ముక్క కోసం ఇంత హడావిడి ఎందుకు? నాకు అక్కర్లేదు. ఉన్నప్పుడే సరిగ్గా ఊదలేదు, ఇప్పుడు పళ్ళు కూడా రెండు తక్కువ. పైగా మూడో స్తంభం దగ్గర నీళ్ళు సుడి తిరుగుతాయి. వెతకడం మానేసి, ఒక ఆదివారం ఇటొచ్చి పోరాదూ? ఊరికే. వస్తువేదీ తేనక్కర్లేదు.

ఇట్లు,
మావయ్య

* * *

జూలై 8, సోమవారం

మావయ్యా,

అన్నీ చెప్పావు, నేనడిగింది తప్ప. తర్వాత మాట్లాడుకున్నారా అన్నాను. బెంచీ కాలు గురించి చెప్పావు.

‘నాకు అక్కర్లేదు’ అని నువ్వు దేని గురించి అంటావో నాకు తెలియదా? నా చిన్నప్పుడు ఒకే చేపముక్క మిగిలితే ‘నాకు అక్కర్లేదు, ముల్లు గుచ్చుకుంటుంది’ అనేవాడివి. ఇదీ అలాంటిదే. ఎంత కావాలో అంత వద్దంటావు.

నిన్న పడిపోయాను. కంగారు పడకు, చేత్తో నేనే రాస్తున్నా కదా. మూడో స్తంభం దగ్గర తాడు దేనికో పట్టుకుంది. గట్టిగా లాగాను. ఇటుకలు ఒక పక్కకి జారాయి, కయాక్ తిరగబడింది. తేలే చొక్కా ఉంది కాబట్టి తేలాను కానీ, స్తంభానికీ పడవకీ మధ్య చెయ్యి ఇరుక్కుంది. మోచేతికి ఆరు కుట్లు. నీళ్ళ కింద ఉన్న ఆ కాసేపూ ఏమీ వినబడలేదు. మా దుకాణం మిషను ఆపేసినప్పుడు ఉంటుందే, అలా.

కెప్టెన్ ఒడ్డు మీద నన్ను కూర్చోబెట్టి తిట్టింది. తర్వాత తన తువ్వాలు కప్పింది. రెండు వారాలు నీళ్ళలోకి రాకూడదంది. ఒడ్డునే కూర్చుని పుస్తకం రాయాలట. మావయ్యా, నాకు ఏడుపొచ్చింది, కుట్లకి కాదు. ఆదివారం లేకపోతే నాకు వారంలో ఏముంది?

ఇంకాస్త సరిగ్గా గుర్తు చేసుకో. అమ్మ ఎటువైపు తిరిగి విసిరింది?

పిచ్చుక

* * *

జూలై 9, మంగళవారం

పిచ్చుకా,

ఇప్పుడే డ్రైవరిచ్చాడు. బస్సు మళ్ళీ కదిలేలోపు రాస్తున్నా. చెయ్యి ఎలా ఉంది? కట్టు రోజూ మారుస్తున్నారా? ఎడమ చెయ్యా, కుడి చెయ్యా?

ఇక వెతకొద్దు. మావయ్యగా అడుక్కుంటున్నా. అది మూడో స్తంభం దగ్గర లేదు. నేను పొరబడ్డాను. అసలు నడి కాలవలోనే పడలేదేమో. నా మాట నమ్మి ఆ సుడి దగ్గరికి మాత్రం మళ్ళీ వెళ్ళకు.

హారను కొడుతున్నాడు. కట్టు తడపకు.

మావయ్య

* * *

జూలై 22, సోమవారం

మావయ్యా! మావయ్యా! మావయ్యా!

దొరికింది!

నీ ఉత్తరమే దారి చూపించింది. నడి కాలవలో పడలేదేమో అన్నావు చూడు. అంటే ఒడ్డు పక్కనే అన్నమాట! నిన్న నన్ను నీళ్ళలోకి రానివ్వలేదు కదా, ఒడ్డు మీద కూర్చుని వాళ్ళకి చెప్పాను: ‘అవతలి మెట్ల దగ్గర బురదలో వెయ్యండి’ అని. నాలుగోసారికి అయస్కాంతానికి ఒక ముద్ద అంటుకొచ్చింది. కడిగితే మౌత్ ఆర్గాన్! ఒక పక్క రేకు లేదు, బెజ్జాల నిండా బురద, కానీ పదీ ఉన్నాయి, లెక్కపెట్టాను. సొట్ట ఉంది. నువ్వు ఎడమ మూల అన్నావు. ఇది కుడి మూల. నువ్వు తలకిందులుగా పట్టుకుని ఊదేవాడివేమో, అందుకే కుక్కలు పారిపోయాయి.

అందరూ చప్పట్లు కొట్టారు. కెప్టెన్ పుస్తకంలో ఏం రాసిందో తెలుసా? ‘ఇనుప వంతెన, మెట్ల వైపు: ఒక తల్లి కోపం.’ ఆ తర్వాత టీ కొట్టుకి నేనూ వెళ్ళాను. బెంచీ మీద జరిగి చోటిచ్చారు. అమ్మ కథ మొత్తం చెప్పించుకున్నారు. ‘నీ నోటికి ఇది కూడా తోడా’ అని విసిరి చూపించాను, కుట్లున్న చేత్తోనే. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఇన్నాళ్ళకి గదికి వెళ్ళడం ఆలస్యమైంది మావయ్యా.

ఈ ఆదివారానికి కెప్టెన్‌ని సెలవు అడిగాను. ఉదయం ఏడింటి బస్సుకి బయల్దేరుతున్నా. నీ చేతిలోనే పెడతాను. దాన్ని పట్టుకుని, అమ్మతో తర్వాత మాట్లాడావో లేదో చెప్పాలి. ఈసారి నా ముందు కూర్చుని.

టీ రెండు గ్లాసులే పెట్టు.

నీ పిచ్చుక

* * *

జూలై 24, బుధవారం

పిచ్చుకా,

ఈసారి ప్రకటన ఏమీ లేదు.

నీ ఉత్తరం మైకు గదిలో చదివి తలుపేసుకున్నాను. పదింటి బస్సు వచ్చింది, వెళ్ళింది, నేను చెప్పలేదు. మాస్టరు తలుపు తోసుకొచ్చి నా మొహం చూశాడు. కేకలెయ్యకుండా తలుపు మళ్ళీ దగ్గరికేసి వెళ్ళాడు.

నువ్వొచ్చాక చెబుదామనే అనుకున్నాను. కానీ ఎదురుగా ఉంటే నవ్విస్తాను, నవ్వించి తప్పించుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే ఇప్పుడే రాస్తున్నా. చదివాక రావాలో వద్దో నీ ఇష్టం.

ఇరవై ఒక్కేళ్ళ కిందటి మాట. ఆ ఊరి బస్టాండులో మైకు నా చేతికొచ్చి ఏడాది. మా అమ్మకి, అంటే మీ అమ్మమ్మకి, ఒంట్లో బాగా లేదని తెలుసు. జ్వరమే కదా అనుకున్నా. ఒక పొద్దున మీ అమ్మ సంచీ పట్టుకుని బస్టాండులోకి రావడం కిటికీలోంచి చూశాను. నన్ను చూసి చెయ్యెత్తింది, ఆగమన్నట్టు. ఆగలేదు నేను. నాకు సరదా పుట్టింది. గొంతు మార్చి, ‘పదకొండింటి బస్సు రెండు గంటలు ఆలస్యముగా నడుచుచున్నది’ అన్నాను. మీ అమ్మ గడియారం చూసుకుంది. వెనక్కి తిరిగి బయటికి వెళ్ళింది. ఐదు నిమిషాలు ఏడిపించి మళ్ళీ పిలుద్దామనుకున్నా. ఈలోగా మాస్టరు పిలిచి కాగితాలు చేతిలో పెట్టాడు, పనిలో పడి మరిచిపోయా. బస్సు సమయానికే వచ్చింది, సమయానికే వెళ్ళింది. రోజుకి అదొక్కటే. మీ అమ్మ పళ్ళ సంచీతో తిరిగొచ్చింది. అప్పుడు చెప్పింది: అమ్మకి ఇవాళో రేపో అన్నట్టుందని, నన్ను కూడా తీసుకెళ్దామని వచ్చానని.

మర్నాటి బస్సుకి ఇద్దరం వెళ్ళాం. మేం చేరేసరికి ఆరు గంటలైందిట, పోయి. చివర్లో మీ అమ్మనే పిలిచిందట. నన్ను కాదు.

అన్నీ అయ్యాక తిరిగొచ్చి ఆ ఇనుప వంతెన మీద నడుస్తున్నాం. ‘తిట్టవే అక్కా’ అన్నాను. తిట్టలేదు. సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. నడిచి అవతలికి వెళ్ళిపోయింది. నేను మూడో స్తంభం దగ్గర ఆగిపోయాను. నువ్వప్పటికి ఆమె కడుపులో ఉన్నావు.

నువ్వు నెల రోజులుగా అడుగుతున్నదానికి జవాబు: లేదు. ఐదేళ్ళు. ఆ తర్వాత ఆవిడే లేదు. మీ నాన్న నిన్ను తెచ్చి నా గుమ్మంలో దించాడు. ఆమె చెప్పి పంపిందో, ఆయనకి వేరే దిక్కు లేకో, నేనడగలేదు. రెండోదే అంటాడని భయం.

నీ చెయ్యి తెగింది నా వల్ల. ఆ టీ కొట్టులో నీకు చోటిచ్చింది కూడా నా అబద్ధమే. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకుంటున్నా. వాళ్ళకి చెప్తావో మానతావో నీ ఇష్టం. కానీ చోటు నీకే ఇచ్చారే పిచ్చుకా, కథకి కాదు. వెళ్ళి కూర్చో.

ఆ దొరికింది ఎవరిదో పాపం. లేని గొడుక్కి నలుగురు సొంతదారులొచ్చారు, ఉన్న దీనికి ఒక్కడూ లేడు. తెస్తే అరలో పెడతాను. మైకులో నిజంగానే చెప్తాను.

ఆదివారం ఏడింటి బస్సు సమయానికే బయల్దేరుతుంది. డ్రైవర్ని రెండుసార్లు అడిగి రాస్తున్నాను.

ఇట్లు,
మీ అమ్మ తమ్ముడు

తా.క.: నాకు మౌత్ ఆర్గాన్ ఎప్పుడూ లేదు. మీ అమ్మ ఏమీ విసరలేదు. ఏదో ఒకటి విసిరి ఉంటే బాగుండేదని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. అందుకే నేనే ఆమె చేత విసిరించాను.